చప్పుడు రాని ఇల్లు

పైడమ్మ కొత్త ఇంటికి తాళం వేసి పాత గదికే వెళ్లిపోయిందని మేధినికి ఆలస్యంగా తెలిసింది.

మేధిని ఒకప్పుడు హైదరాబాదులో పేరున్న ఫ్యాషన్ డిజైనర్. ఆమె కుట్టించిన బట్టలు వేసుకుని అమ్మాయిలు వేదిక మీద నడిచేవారు. చప్పట్లు అయిపోయాక ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవారు. వెనక గదిలో హ్యాంగర్లకు వేలాడే బట్టల మధ్య ఆమె ఒక్కతే కూర్చునేది. ఒక్క సాయంత్రానికి కాదు, మనుషులు బతుకంతా వాడుకునేదేదైనా చేయాలని ఆమెకు ఆ గదిలోనే అనిపించింది.

అన్నీ మూసేసి విజయనగరం వైపు దానియేలు మాస్టారి దగ్గరికి వచ్చింది. పేదవాళ్లకు తక్కువ ఖర్చులో ఇళ్లు కడుతూనే ఆయన ముసలివాడయ్యాడు. నేర్పుతారా అని అడిగితే, "చెప్పులు విప్పి మట్టి తొక్కు" అన్నాడు. అంతకంటే ఏమీ అడగలేదు.

కొన్నేళ్ల తర్వాత, మూతపడిన జనపనార మిల్లు కూలీలకు ఇళ్లు కట్టే పని మేధిని చేతికొచ్చింది. వాళ్లుండే పాత లైన్లు, వరసగా కట్టిన ఒంటిగది ఇళ్లు, కూలిపోతున్నాయి. కొలతలు తీసి చొక్కా కుట్టినంత శ్రద్ధగా ఆమె ఆ ఇళ్లు కట్టింది. గోడలు రెండు పొరలు, మధ్యలో ఖాళీ. ఎండ వేడి దిగదు. రోడ్డు మీది లారీల మోత వినబడదు. ఇంటికీ ఇంటికీ నడుమ మొక్కలకు చోటు. మొదటి వరుస పూర్తయింది. రెండో వరుసకు పునాదులు తవ్వబోతున్నారు.

ఇలాంటప్పుడు మొదటి వరుసలో ఇల్లు వచ్చిన పైడమ్మ వెళ్లిపోయింది. మొగుడూ లేడు, పిల్లలూ లేరు. మిల్లులోనే నడుం వంగిపోయిన మనిషి.

మేధిని పాత లైనుకు వెళ్లింది. గదికీ గదికీ మధ్య గోడ కప్పుదాకా లేదు. పెంకులు జారిపోయి ఆకాశం కనబడుతోంది. పైడమ్మ నేల మీద కూర్చుని గోంగూర వలుస్తోంది.

"ఆ ఇంట్లో ఏం బాగోలేదమ్మా? చెబితే మారుస్తాను."

"ఇల్లు బంగారంలాగుంది తల్లీ. నాకే బాగోనేదు."

"అంటే?"

పైడమ్మ ఇంకో గోంగూర కాడ అందుకుంది. ఇంతలో పక్క గదిలో ఎవరో తాలింపు వేశారు. మిరపకాయల ఘాటు గోడ దాటి వచ్చింది. పైడమ్మ తుమ్మింది.

"నూరేళ్లు" అంది అవతలి గొంతు.

"ఇంకా నూరేళ్లెందుకే నాకు" అని పైడమ్మ నవ్వింది. తర్వాత కొంగుముడి విప్పి తాళంచెవి మేధిని చేతిలో పెట్టింది. "ఎవురికైనా ఇచ్చియ్యి తల్లీ."

మేధిని తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్లింది. జరిగింది చెప్పింది.

"నా వల్ల లోపం ఉంటే చూపించండి. లేదంటే ఆమెకు మీరైనా నచ్చజెప్పండి."

"పద, చూద్దాం" అన్నాడు మాస్టారు.

పైడమ్మ కొత్త ఇంటి ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు. గోడను అరచేత్తో తడిమాడు. మూలలు చూశాడు. తలుపు వేసి తీసి చూశాడు.

"చక్కగా కట్టావు" అన్నాడు. "లోపలికి వెళ్లి కూర్చో. తలుపులూ కిటికీలూ వేసుకో."

"ఎంతసేపు మాస్టారూ?"

"ఉండగలిగినంతసేపు."

మేధిని లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. చల్లగా ఉంది. మొదట ఆ నిశ్శబ్దం ఆమెకు గర్వంగానే అనిపించింది. మధ్యాహ్నం వేళ, రోడ్డు పక్కన, ఇంత ప్రశాంతమైన గది ఇంకెవరు కట్టగలరు?

కాసేపటికి తన ఊపిరి తనకే వినబడసాగింది. తర్వాత గోడలు చూసింది. కప్పు చూసింది. మళ్లీ గోడలు చూసింది. బయట ఎండ ఎటు తిరిగిందో తెలియలేదు. హైదరాబాదులోని ఆ వెనక గది గుర్తొచ్చింది. వద్దనుకున్నా పోలేదు.

"మాస్టారూ" అని పిలిచింది. జవాబు లేదు. గట్టిగా పిలిచింది. ముసలాయన విసిగి వెళ్లిపోయి ఉంటాడనుకుంది. ఇక కూర్చోలేక లేచి తలుపు తీసింది.

మాస్టారు అక్కడే ఉన్నాడు. పక్క గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఆమె ఇంతసేపూ ఆనుకున్నదీ ఆ గోడకే.

"వెళ్లిపోయారనుకున్నాను" అంది మేధిని. "పిలిచాను కూడా."

"పిలిచావా? నాకు వినబడలేదు." ఆయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. "నేనూ నిన్ను పిలుస్తూనే ఉన్నాను."

"ఏమని?"

"ఏముందమ్మా. అన్నం తిన్నావా అని."

మేధిని గడప మీద కూర్చుంది.

"లేదు మాస్టారూ" అంది. "తినలేదు."