అంచెదారు చదివి వినిపించిన జాబు

ఒకానొక రాజ్యంలో, పేరు కుముదగిరి అనుకోండి, గజకేసరి అనే రాజు ఉండేవాడు. ఆయన కొలువుకు వస్తుంటే వందిమాగధులు ముందు నడుస్తూ బిరుదులు చదివేవారు. ఆ బిరుదులు పూర్తయ్యేసరికి పనిమీద వచ్చినవాళ్ళలో సగం మంది విసుగెత్తి ఇళ్ళకు పోయేవారు. అంత గొప్ప రాజు మరి.

ఆ రాజ్యంలో జాబులు మోయడానికి అంచెలు ఉండేవి. రెండు కోసులకొక పాక. ఒక పాక నుంచి ఒకడు సంచి భుజాన వేసుకుని పరుగెత్తి, తర్వాతి పాకలో ఇంకొకడికి అందించాలి. అలాంటి పది పాకల మీద పెత్తనం చేసేవాణ్ణి అంచెదారు అనేవారు. పెత్తనం అంటే పేరుకే. వాగు పొంగి సంచి తడిసినా, పరుగు మనిషికి కాలు బెణికినా, పులి భయానికి వాడు చెట్టెక్కి కూర్చున్నా, తిట్లు తినేది అంచెదారే. రాజ్యం మొత్తానికి అరవైమంది అంచెదారులు ఉండేవారు.

రాజధానిలోని అంచెదారు పేరు ఓబళయ్య. ముప్పై ఒక్క ఏళ్ళుగా అంచెదారే. అతనూ, ధాన్యాగారంలో పనిచేసే చెన్నప్పా ఒకే రోజు ఒకే పరీక్ష రాసి ఒకే జీతం మీద కొలువులో చేరారు. చెన్నప్ప మూడు మెట్లు ఎక్కాడు. ఇప్పుడు కొలువులో కంబళి మీద కూర్చుంటాడు, జీతం రెట్టింపు. ఓబళయ్య గుమ్మం దగ్గర నిలబడతాడు. చెన్నప్ప ఎక్కువ చదివాడా అంటే లేదు, ఎక్కువ కష్టపడ్డాడా అంటే అదీ లేదు. ధాన్యాగారంలో మెట్లున్నాయి. అంచెల్లో ఒకటే మెట్టు. రాజుగారి తాతల నాడు శాసనం రాసినవాడికి అంచెదారు కూడా పైకి వెళ్ళాలనుకుంటాడని తోచలేదు కాబోలు.

ఓబళయ్య పదకొండు అర్జీలు పెట్టుకున్నాడు. ఒక అర్జీ రెండేళ్ళు ఊరంతా తిరిగి చివరికి అతని దగ్గరికే వచ్చింది. "ఈ అర్జీ సబబో కాదో రాజధాని అంచెదారు తన అభిప్రాయం తెలుపవలెను" అని పైన రాసి ఉంది. సబబే అని రాసి పంపాడు. "అభిప్రాయం చెప్పినవాడికి ఇందులో స్వలాభం ఉన్నందున చెల్లదు" అని తిరిగొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఓబళయ్య ఆ పూట అన్నం మానేశాడు.

పదకొండో అర్జీకి మాత్రం కొలువు నుంచి నేరుగా జవాబు వచ్చింది. శ్రావణమాసంలో ఒక పొద్దున దాన్ని విప్పి చదువుకుని, భార్య నాంచారమ్మకు కూడా చదివి వినిపించాడు. ఆవిడ చాట పక్కన పెట్టింది.

"దసరాకు మీరు కొలువు దిగిపోతారు కదండీ" అంది.

"దిగుతాను."

"దిగేనాటికి ఏ మెట్టు మీదుంటే ఆ మెట్టు జీతంలో సగం గింజలే కదా మనం పోయేదాకా."

"అవునే."

ఆ రెండు మాటల్లోనే ఉంది అతని గోడంతా. ఇంకా రెండు నెలలు గడువుంది. ఆ లోపల మెట్టెక్కితే ముసలితనం ఏదో గడుస్తుంది. లేకపోతే ఈ చాటలో ఇప్పుడున్న గింజల్లో సగమే. బతుకంతా ఊళ్ళవాళ్ళ జాబులు వేళకు చేర్చాను, నా జాబు మాత్రం ఎవరికీ చేరలేదు అనుకుని కుమిలిపోయేవాడు.

ఇక్కడ రాజుగారి సంగతి కూడా చెప్పాలి. గజకేసరి ఎంత గొప్పవాడైనా చక్రవర్తి కింద సామంతుడే. సామంతులకు ఒక గొడుగు. చక్రవర్తి మెచ్చినవాళ్ళకు రెండు గొడుగులు. గజకేసరి పట్టం కట్టుకున్న ఏడాదే పట్టానికి వచ్చిన పొరుగు రాజుకు రెండో గొడుగు వచ్చి పదేళ్ళయింది. గజకేసరి ఇప్పటికి ఆరుసార్లు రాశాడు. ఆ జవాబు కోసం ఆయన రోజూ గుమ్మం వైపు చూసే చూపు ఓబళయ్యకు బాగా తెలుసు. తను ముప్పై ఏళ్ళుగా చూస్తున్న చూపే కదా.

ఆ మర్నాడు ఓబళయ్య తలపాగా శుభ్రంగా చుట్టుకుని, సంచి తీసుకుని కొలువుకు వెళ్ళాడు. "పెద్దకొలువు నుంచి కిందివారికి వచ్చిన జవాబు తెచ్చాను, మహాప్రభూ" అని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

రాజు సింహాసనం అంచుకు జరిగాడు. "గొడుగు సంగతేనా?"

"పై మెట్టు అడిగినదానికి జవాబే, ప్రభూ."

"చదువు, చదువు." ఆ రాజ్యంలో జాబు తెచ్చినవాడే చదవాలి. మధ్యలో ఇంకొకరి చేయి పడితే మాట మారుతుందని ఆ ఆచారం పెట్టారు.

ఓబళయ్య గొంతు సవరించుకుని చదివాడు. "నీ విన్నపం చూశాము. ఇన్నేళ్ళు నిన్ను ఉన్నచోటనే ఉంచడం నీ మీద మాకున్న నమ్మకానికి గుర్తు. పైన ఖాళీ లేదు. నీతోపాటు వచ్చినవారు నిన్ను దాటిపోయారని రాశావు. ఇతరులతో పోల్చుకోవడం సత్పురుషుల లక్షణం కాదు. ఓపికే నీకు అలంకారం. ఈ విషయమై మళ్ళీ రాయవద్దు."

రాజు ముఖం కందగడ్డలా అయింది. మంత్రి వల్లభయ్య ముఖం మాత్రం పాలిపోయింది. ఆ వాక్యాలు ఎవరు కూర్చారో ఆయనకు తెలుసు, కూర్చింది ఆయనే. "ప్రభూ, ఒక్క మాట..." అంటూ లేవబోయాడు.

"నువ్వు కూర్చో. గంటం తీసుకుని రాయి" అన్నాడు రాజు. "నమ్మకం ఉంటే పైకి తీసుకెళ్ళాలి గానీ ఉన్నచోట మేకు కొట్టి దిగేస్తారా అని రాయి. ఖాళీ లేదట. ఇచ్చే మనసుంటే ఖాళీ చెయ్యడం ఎంతసేపు? నాతోపాటు వచ్చినవాడికి రెండు, నాకొకటా? నా పని తక్కువా? నా నెత్తిన ఎండ తక్కువా? రాస్తున్నావా?"

"రాస్తున్నాను ప్రభూ" అన్నాడు మంత్రి.

"ఓపిక అలంకారమట. ఆ అలంకారం పెట్టుకుని ఆయన్ను ఒక్క ఏడాది కూర్చోమని రాయి. మనిషి జీవితకాలమంతా అడిగినదాన్ని ఒక్క ముక్కలో కొట్టిపారేసినవాడు పెద్దవాడు ఎలా అవుతాడు? కింద నా ముద్ర వెయ్యి." రాజు తనే ముద్ర లాక్కుని గట్టిగా ఒత్తాడు. "ఇంతకీ ఆ జాబు ఇటివ్వు. ఇంత తెలివితక్కువ మాట మీద చక్రవర్తి ముద్ర ఎలా వేశాడో చూస్తాను."

ఓబళయ్య రెండు చేతులా జాబు భటుడికిస్తే, వాడు తీసుకెళ్ళి రాజుకు అందించాడు. రాజు ముద్ర చూశాడు. ఏనుగు కుంభస్థలం మీద సింహం. తన ముద్రే. పైన చూశాడు. "అంచెదారు ఓబళయ్యకు" అని ఉంది.

భటుడొకడి చేయి కత్తి పిడి మీదికి వెళ్ళింది. ఓబళయ్య చేతులు జోడించాడు.

"మహాప్రభూ, పదకొండు అర్జీలు రాశాను. ఒక్కటీ ఇంత బాగా కుదరలేదు. నా మనసులో మాట నాకన్నా తమరే బాగా చెప్పారు. తమరి మాటలు తమరి దగ్గరే దాఖలు చేసుకుంటున్నాను. ఇక తల ఉంచుతారో తీస్తారో ఏలినవారి దయ."

రాజు ఆ జాబునూ, తను రాయించినదాన్నీ మార్చిమార్చి చూశాడు. ముందు మీసం కదిలింది. తర్వాత భుజాలు, ఆ తర్వాత పొట్ట. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. రాజు నవ్వాక కొలువు ఊరుకుంటుందా, అందరూ నవ్వారు. మంత్రి కూడా నవ్వినట్టు నోరు తెరిచాడు.

"గెలిచావోయ్ ఓబళయ్యా. నా నోటితోనే నన్ను కట్టేశావు. ధాన్యాగారంవాళ్ళకు ఎన్ని మెట్లున్నాయో అంచెదారులకూ అన్ని మెట్లు, అంతే జీతం. ఈ మనిషికి బంగారు జరీ శాలువా కప్పండి."

శాలువా భుజాల మీద పడింది. ఓబళయ్యకు ఒళ్ళు తేలికైనట్టయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి గుమ్మం దాటి లోపలికి రెండడుగులు వేశాడు.

అప్పుడు మంత్రి నెమ్మదిగా అన్నాడు. "ఏలినవారి ఆజ్ఞ. ఈ ఏటి జీతాల గింజల కొలతలు అయిపోయాయి గనుక, శాసనం ప్రకారం వచ్చే ఉగాది నుంచి అమలు చేస్తాం."

ఓబళయ్య అక్కడే ఆగిపోయాడు. "ప్రభూ, నేను దసరాకే దిగిపోతున్నాను."

"అరెరె" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "ఏం మంత్రీ, ముందుకు జరపలేమా?"

"ఒక్కడి కోసం తేదీ మారిస్తే, నిరుడు దిగిపోయినవాళ్ళు కూడా వచ్చి నిలబడతారు ప్రభూ."

రాజు ఒక్క క్షణం ఆలోచించాడు. నిజంగానే బాధపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా బాధపడి ఊరుకోవడం రాజులకు బాగా వచ్చిన పని. "నిజమే పాపం" అన్నాడు. "అయితే ఇతనికి ఇంకో శాలువా కప్పండి."

ఓబళయ్య ఇంటికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. నాంచారమ్మ ఎదురొచ్చింది. శాలువాలు చూసి ఆవిడ ముఖం ఒక్కసారి వెలిగింది. పనిగట్టుకుని జరీ అంచు తడిమి చూసింది.

"మెట్టు ఇచ్చారా?"

"ఇచ్చారు. అరవైమంది అంచెదారులకూ ఇచ్చారు. ఉగాది నుంచి."

ఆవిడ నెలలు లెక్కవేసుకుంది. చేయి జరీ మీద ఆగిపోయింది. ఇంకేదీ అడగలేక అడిగింది.

"మరి శాలువాలు రెండెందుకండీ?"

"ఒకటి మెట్టు ఇచ్చినందుకు" అన్నాడు ఓబళయ్య అరుగు మీద కూలబడుతూ. "రెండోది నాకు ఇవ్వనందుకు."

ఆవిడ నవ్వలేదు. అతనూ నవ్వలేదు. రాజుగారు మాత్రం ఈ కథ వచ్చినవాళ్ళందరికీ చెప్పి, చాలా ఏళ్ళు కడుపుబ్బ నవ్వేవారట.