నోటి చరిత్ర పేపరు

ఎమ్మే రెండో సంవత్సరంలో ఏ పేపర్లు తీసుకోవాలో పోలారావుకి తేలలేదు.

యూనివర్సిటీ చరిత్ర శాఖలో ఆ రోజుల్లో చదువుకోవడానికి చాలా ఉండేవి. శాసనాలు ఒక పేపరు, నాణేలు ఒక పేపరు. దక్కను సుల్తానులు, ఓడల వ్యాపారం, భూమి శిస్తులు, చైనా, జపాను, యూరప్. మ్యూజియం ఎలా నడపాలో నేర్పేది కూడా ఒకటుండేది. తప్పనిసరివి పోగా మిగిలినవి ఎవరికి వాళ్ళు ఎంచుకోవాలి. మొదటి వారం ఏ క్లాసులోనైనా కూర్చుని చూడొచ్చు.

పోలారావు అన్నిట్లోనూ కూర్చున్నాడు. రాయి మీద లేనిది చరిత్రే కాదన్నారు శాసనాల మాస్టారు. రాజుల్ని వదిలేసి గాదెల వైపు చూడమన్నారు శిస్తుల మాస్టారు. యూరప్ చెప్పే మాస్టారు మాత్రం ఏమీ అనలేదు. రెండో ప్రపంచ యుద్ధం మ్యాపు తెచ్చి గోడకి తగిలించారు. ఆ మ్యాపులో సైన్యాలు బాణం గుర్తులై సముద్రాలు దాటుతున్నాయి. పోలారావు మనసు అక్కడే ఆగిపోయింది.

అతనిది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక జాలరి పేట. ఆ పేటలో కాలేజీ దాకా వచ్చినవాడు అతనొక్కడే. మొదటి సంవత్సరం అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. చిన్నాచితకా సంగతులు చదవడానికి ఇంత దూరం రాలేదని అతని నమ్మకం.

యూరప్ సరే. ఇంకో పేపరు మిగిలింది. అడుగుదామని దమయంతి మేడమ్ గదికి వెళ్ళాడు.

ఆవిడ చెప్పేది నోటి చరిత్ర. పుస్తకాలకెక్కని సంగతులు చూసినవాళ్ళ దగ్గర కూర్చుని, అడిగి, వాళ్ళ మాటల్లోనే టేపు మీద పట్టుకోవడం ఆ పేపరు పని. ఆవిడ క్లాసులో తక్కువ మాట్లాడతారని, ప్రశ్న వేసి ఎంతసేపైనా ఎదురుచూస్తారని పేరు. అందుకని ఎక్కువమంది చేరేవాళ్ళు కాదు.

మాస్టార్లందరి మాటా చెప్పి, పోలారావు అడిగాడు.

"ఇన్నిట్లో అన్నిటికన్నా పెద్ద కోర్సు ఏది మేడమ్?"

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. రెండు తొనలు అతని చేతిలో పెట్టారు.

"మీ ఇంట్లో అందరికన్నా పెద్ద ఎవరు?"

"మామ్మ ఉంది మేడమ్. మా నాన్న వాళ్ళమ్మ."

"ఎన్నేళ్ళుంటాయి?"

"తెలీదు మేడమ్. యుద్ధం నాటికే పెళ్ళయింది. రంగం నుంచి నడిచొచ్చిందట."

బత్తాయి మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"రంగూన్ నుంచా? అడవుల్లోంచి?"

"అలాగే అంటారు మా ఇంట్లో. మా తాత అక్కడ ధాన్యం మిల్లులో కూలి. జపాను వాళ్ళు బాంబులేస్తే అందరూ పారిపోయి వచ్చారట. అంతకంటే సరిగ్గా తెలీదు."

"ఎప్పుడూ అడగలేదా?"

"అడక్కుండానే చెప్తుంది మేడమ్. ఎవరు వింటారు?" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు.

"నా పేపర్లో చేరు" అన్నారు.

చేరాడు. దానికి రాత పరీక్ష లేదు, ఒక టేపు తెస్తే చాలని తెలిశాక మరీ తేలిగ్గా అనిపించింది. మిగిలిన టైమంతా యూరప్‌కి పెట్టుకోవచ్చు.

శాఖలో టేపురికార్డరు ఒక్కటే ఉండేది. వంతులవారీగా ఇళ్ళకి తీసుకెళ్ళేవారు. దసరా సెలవులకి అది పోలారావుకి వచ్చింది.

పేటలో బస్సు దిగేసరికి మామ్మ గుమ్మంలో ఉంది. ఏం పెట్టె అది అని అడిగింది. నువ్వు చెప్పింది ఇందులో పడుతుంది, మళ్ళీ వినొచ్చు అన్నాడు. మా మేడమ్ నీ రంగం సంగతులన్నీ అడగమన్నారు అన్నాడు.

"మీ మేడమా? నన్నా?" అంది మామ్మ.

మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసింది. ట్రంకు పెట్టెలోంచి ముదురాకుపచ్చ చీర తీసి కట్టుకుంది. అరుగు మీద చాప పరిచి, గోడకి ఆనుకుని కూర్చుంది.

పోలారావు లోపల పుస్తకాల ముందున్నాడు. సెలవులయ్యాక సెమినార్లో అతను యుద్ధం మీద వ్యాసం చదవాలి. బర్మాలోకి జపాను సైన్యం ఏ దారిన వచ్చింది, ఏ పట్టణం ఎప్పుడు పడింది అన్నది విషయం. యూరప్ మాస్టారు తనంతట తానే ఇచ్చిన విషయం అది.

మామ్మ మధ్యలో ఒకసారి తొంగిచూసింది.

"ఇప్పుడడుగుతావా బావూ?"

"ఉండు మామ్మా. ఇది రాసేస్తే అయిపోతుంది."

మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. సాయంత్రం రాలేదు. చీర మార్చుకుని చేపలు ఎండేసిన చోటికి వెళ్ళింది.

తరవాత రోజూ అలాగే జరిగింది. ఆఖరి రోజు బస్సెక్కేటప్పుడు రికార్డరు సంచి మామ్మే మోసుకొచ్చింది. "బరువేనురా ఇది" అంది. "పరీక్షలయ్యాక వస్తాను. అప్పుడు తీరిగ్గా అడుగుతాను" అన్నాడు పోలారావు.

"నాకేటి పని బావూ, ఉంటాను. ఒక సంగతి మట్టుకు ఉన్నాది. ఎవులికీ సెప్పలేదు. నువ్వడిగితే సెప్తాను."

బస్సు వచ్చేసింది.

రికార్డరు తిరిగి ఇస్తూ, కుదరలేదు మేడమ్ అన్నాడు. దమయంతి మేడమ్ క్యాసెట్ తీసి చూశారు. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఖాళీగా ఉంది.

"ఈ శనివారం వెళ్ళు. రికార్డరు నీ దగ్గరే ఉంచుకో."

"శనివారం సెమినార్ మేడమ్."

"ఆదివారం?"

"పరీక్షలయ్యాక వస్తానని చెప్పాను మేడమ్. ఉంటానంది."

ఆవిడ అతనికేసి కాసేపు చూశారు. క్యాసెట్‌ని సొరుగులో పెట్టారు.

సెమినార్ బాగా జరిగింది. బర్మాలో వంతెనలు ఎవరు పేల్చారో, ఏ సైన్యం ఎక్కడ వెనక్కి తగ్గిందో పోలారావు కాగితం చూడకుండా చెప్పాడు. యూరప్ మాస్టారు లేచి చెయ్యి కలిపారు. వ్యాసం చివర ఒక వాక్యం ఉంది: 'రంగూన్ పతనానంతరం లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశం చేరుకున్నారు.' దాన్ని చదివేటప్పుడు అతని గొంతు ఎక్కడా ఆగలేదు.

కార్తీకమాసంలో మామ్మకి బాగాలేదని ఊరి నుంచి మనిషి వచ్చాడు. పోలారావు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇసుకలో వల్లకాటికి వెళ్ళే దారి మీద పసుపు, బొరుగులు చెదిరి ఉన్నాయి.

అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది.

"జొరం వొచ్చినాది. రెండ్రోజులు బానే ఉన్నాది. ఆపైన ఒకటే అడగడం, నూకాలేది, నూకాలేది అని. పిల్లకి నీల్లట్టినారా అనీది. ఎవులు నూకాలు అత్తా అని నానడిగితే నా మొకం సూసి ఊరుకున్నాది. మల్లీ అడిగితే, 'నీకు గాదే. బావు వొస్తే సెప్తాను. అడుగుతానన్నాడు' అన్నాది."

పోలారావు మామ్మ ఆనుకుని కూర్చున్న గోడ వైపు చూశాడు.

"మన ఇంట్లో నూకాలు ఎవులూ లేరు గదా. నీకేటైనా సెప్పిందేటిరా?"

"లేదమ్మా."

నాన్న కొంచెం అవతల వల సవరిస్తున్నాడు. చిక్కు తీస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

"నాను రంగం నుంచొచ్చినాకే పుట్టినాను. నాకు ముందు ఆడపిల్ల పుట్టినాదేటో, ఓ అప్ప ఉండీదేటోరా" అన్నాడు. అని, మళ్ళీ వల మీదికి వంగాడు.

పోలారావు పేటంతా తిరిగాడు. రంగం వెళ్ళొచ్చినవాళ్ళు ఇంకా ఎవరున్నారని ముసలివాళ్ళని అడిగాడు. ఫలానా ఆయన ఉండేవాడు, పోయిన ఏడు పోయాడన్నారు. పక్క పేటలో ఒకావిడ ఉందంటే అక్కడికి నడిచాడు. ఆవిడ మంచంలో ఉంది. అతన్ని ఎవరో అనుకుని, తిన్నావా అని అడిగింది, అంతే. ఆ దారంట మామ్మతో నడిచినవాళ్ళెవరూ మిగల్లేదు.

యూనివర్సిటీకి వచ్చాక బల్ల మీద సెమినార్ వ్యాసం కనబడింది. చివరి వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. లక్షలాది భారతీయులు స్వదేశం చేరుకున్నారని అందులో ఉంది. చేరుకోనివాళ్ళ మాట లేదు.

నోటి చరిత్ర క్లాసులో టేపులు వినిపించడం మొదలైంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో గంట. ఈశ్వరి అనే అమ్మాయి వాళ్ళ ఊరి హెడ్మాస్టరు గారిని మాట్లాడించి తెచ్చింది. ఆయన తేదీలతో సహా చక్కగా చెప్పారు. అందరూ మెచ్చుకున్నారు.

పోలారావు వంతు ముందురోజు మేడమ్ గదికి వెళ్ళాడు. జరిగింది చెప్పాడు. నూకాలు పేరు దగ్గర ఆగిపోయాడు. ఆవిడ గ్లాసుతో నీళ్ళిచ్చి, తాగేదాకా ఆగారు.

"నా దగ్గర టేపు లేదు మేడమ్. నా గంట ఇంకెవరికైనా ఇచ్చేయండి. లేకపోతే బర్మా నుంచి వచ్చినవాళ్ళ గురించి పుస్తకాల్లో ఉన్నది చదువుతాను."

"పుస్తకాల్లో నూకాలు ఉందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"రేపు రా" అన్నారు.

మర్నాడు క్లాసులో ఆవిడ రికార్డరు బల్ల మీద పెట్టారు. దసరా సెలవులయ్యాక అతను వెనక్కిచ్చిన క్యాసెట్‌నే అందులో పెట్టారు.

"పోలారావు వాళ్ళ మామ్మ" అన్నారు. "రంగూన్ నుంచి నడిచి వచ్చింది. వినండి."

మీట నొక్కారు.

చిన్న బర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ ముందుకి వంగి విన్నారు. ఎవరో సౌండు పెంచమన్నారు. ఆవిడ పెంచారు. బర్రుమనే చప్పుడే పెద్దదైంది.

"మిషన్ పాడైనట్టుంది మేడమ్."

"బాగానే ఉంది" అన్నారు ఆవిడ.

ఒకబ్బాయి నవ్వబోయి, పోలారావు మొహం చూసి ఆగిపోయాడు. కాసేపటికి క్లాసులో కాళ్ళు కదిలే చప్పుడు కూడా పోయింది. బయట సైకిళ్ళ స్టాండు దగ్గర ఎవరో గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళారు. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. మేడమ్ కళ్ళు మూసుకుని, తక్కిన టేపులు ఎలా విన్నారో ఇదీ అలాగే వింటున్నారు.

ఈశ్వరి లేచి నిలబడింది. పుస్తకాలు సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నారు మేడమ్ కళ్ళు తెరిచి.

"పార్వతీపురం మేడమ్. మా తాతయ్య ఉన్నాడు." ఆ అమ్మాయి సంచి భుజానికి తగిలించుకుంది. "ఆయన్ని అడగలేదు. హెడ్మాస్టరు గారైతే బాగా చెప్తారని..."

"రికార్డరు ఇప్పుడు ఖాళీ లేదు."

"వద్దు మేడమ్. ఊరికే వింటాను."

"వెళ్ళు. బస్సుంటుంది."

ఆ అమ్మాయి దాదాపు పరుగెత్తింది. ఆ వెనకే ఇంకో అబ్బాయి లేచాడు. తరవాత ఇంకొకరు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడా ఎవర్నీ అడగలేదు. బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

చివరికి పోలారావు ఒక్కడే మిగిలాడు. అతనూ లేచాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియక నిలబడిపోయాడు.

"నువ్వు కూర్చో బాబూ" అన్నారు దమయంతి మేడమ్. "గంట ఇంకా అవలేదు. ఇది మీ మామ్మది."

కూర్చున్నాడు. ఆవిడ తన కుర్చీ వదిలి వచ్చి, బెంచీ మీద అతని పక్కన కూర్చున్నారు.