నీళ్ళ కింద రెండో గీత

అనగనగా, సముద్రం ఒడ్డున, జీడితోటల వెనకాల ఒక ఊరుండేది. ఊరి చివర ఇసకదిబ్బ మీద ఒక బడి. ఆ బడి గోడకి చెవి ఆనిస్తే కెరటాల హోరు వినపడేది. ఇలా దగ్గరికి జరుగు కన్నా, దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ ఉండు మరి.

ఆ బళ్ళో ఏడో తరగతి పిల్లలకి ఒక వింత జబ్బుండేది. తెలుగు పీరియడులో బాగానే ఉండేవాళ్ళు. ఆటల పీరియడులో మరీ బాగుండేవాళ్ళు. లెక్కల పీరియడు గంట కొట్టేసరికి మాత్రం ఒకడికి కడుపునొప్పి, ఒకత్తెకి తలనొప్పి, ఇంకొకడికి దాహం. నీళ్ళ కుండ దగ్గరికెళ్ళినవాడు మళ్ళీ వచ్చేవాడు కాదు.

ఆ తరగతిలో తవిటమ్మ అని ఒక పిల్ల. దానికి ముందు పుట్టినవాళ్ళు నిలవలేదని, తవుడు పోసి కొనుక్కున్నట్టు చేసి ఆ పేరు పెట్టారు. అంత అపురూపమన్నమాట వాళ్ళమ్మ దాలమ్మకి.

తవిటమ్మ లెక్కల పీరియడులో ఎక్కడికీ పారిపోయేది కాదు. ఆఖరి బెంచీలో తల వంచుకుని, జడ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చునేది. ఏమడిగినా పలికేది కాదు. దానికి లెక్కలు రావని పిల్లలంతా తేల్చేశారు. పాపం, అదీ అలాగే అనుకుంది.

ఇలా ఉండగా పాత లెక్కల మాస్టారికి బదిలీ అయింది. అప్పుడు హైమవతి అని కొత్త టీచరు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వితే ఆవిడ కళ్ళు మూసుకుపోయేవి.

మొదటిరోజు ఆవిడ తరగతిలోకి వచ్చి చూస్తే సగం బెంచీలు ఖాళీ.

"మిగతావాళ్ళేరీ?" అనడిగింది.

"కడుపునొప్పి టీచర్" అన్నాడు ఢిల్లేశు. తరగతి మొత్తానికి గట్టిగా మాట్లాడేవాడు వాడే. గట్టిగా నవ్వేవాడూ వాడే.

"అయ్యో, అలాగా. అయితే రేపు తినడానికి ఏదైనా తెస్తాలే" అందావిడ. కోప్పడలేదు.

అన్నట్టే మర్నాడు దిబ్బరొట్టెలు కాల్చి తెచ్చింది. బెంచీకొక రొట్టె. ఆ వాసనకి కుండ దగ్గరున్నవాళ్ళంతా లోపలికొచ్చేశారు.

"తినండి. కానీ ఒక్క షరతు. బెంచీలో ఎంతమందుంటే అంతమందికీ సరిసమానంగా రావాలి. ఎవరికైనా చిన్న ముక్కొస్తే మళ్ళీ మొదటికే" అంది.

నలుగురున్న బెంచీలో పని సులువే. ఇటొక గాటు, అటొక గాటు. ముగ్గురున్న బెంచీల్లోనే వచ్చింది చిక్కంతా. గుండ్రటి రొట్టెని మూడు సమానమైన ముక్కలు చెయ్యడం ఎలా చెప్పు? ఢిల్లేశు కళ్ళు మూసుకుని కోశాడు. వాడి ముక్క పెద్దదొచ్చింది. పక్కవాళ్ళు పోట్లాటకొచ్చారు.

తవిటమ్మ బెంచీలోనూ ముగ్గురే. అది కాసేపు రొట్టె వంక చూసింది. ఆ తర్వాత జడ రిబ్బను విప్పింది. రొట్టె అంచు చుట్టూ తిప్పి, చుట్టు ఎంతుందో అక్కడ పట్టుకుంది. ఆ రిబ్బనుని మూడు మడతలు పెట్టింది. ఒక్కో మడత పొడుగునా అంచు మీద గోటితో గుర్తు పెట్టి, నడిమికి కోసింది. మూడు ముక్కలూ ఒక్కలా వచ్చాయి.

హైమవతి టీచరు చూసింది. అందరి ముందూ మెచ్చుకుంటే ఆ పిల్ల ముడుచుకుపోతుందని ఆవిడకి తోచింది. అందుకని ఏమీ అనకుండా, వెళ్తూ వెళ్తూ దాని తల నిమిరింది. అంతే. తవిటమ్మ రొట్టె తింటూ కిందికి చూసి నవ్వుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కబడ్డీ గొడవ వచ్చింది. పిల్లలు ఇసకలో గీసుకున్న కోర్టు ఎప్పుడూ వంకరే. ఎవడు గీత దాటాడో తేలక రోజూ తగువే. అప్పుడు టీచరు పుస్తకం మూసేసి అందరినీ బయటికి తీసుకెళ్ళింది. నాలుగు మూలలా నాలుగు మేకులు పాతించింది.

"ఎదురెదురు గీతలు సమానంగానే ఉన్నాయి కదా. మరి కోర్టు ఎందుకు పక్కకి ఒరిగింది?" అనడిగింది.

అప్పుడు ఒక తాడిచ్చి, ఒక మూల నుంచి దాని ఎదురు మూలకీ, మిగిలిన మూల నుంచి దాని ఎదురు మూలకీ ఐమూలగా కొలవమంది. ఒకటి పొడుగొచ్చింది, ఒకటి పొట్టిగా వచ్చింది. తవిటమ్మ తాడు కొస పట్టుకుని నిలబడింది కదా, అదే ముందు గ్రహించింది. నోటితో చెప్పలేదు. ఢిల్లేశుకి చేత్తో సైగ చేసింది, ఆ రెండు మేకులూ కొంచెం ఇటు జరపమని. వాడు జరిపాడు. మళ్ళీ జరిపాడు. రెండు కొలతలూ ఒక్కటయ్యేసరికి కోర్టు చక్కగా నిలబడింది. ఆ రోజు నుంచి తగువుల్లేవు.

చూశావా, లెక్కల పీరియడంటే పిల్లలు ఎదురుచూడ్డం మొదలెట్టారు. తవిటమ్మ కూడా ఆఖరి బెంచీ వదిలి ఒక బెంచీ ముందుకి జరిగింది.

అంతా బాగుందనుకుంటూ ఉంటే, ఒకరోజు టీచరు బోర్డు మీద సున్నా వేసింది. దాని పక్కన ఒక అడ్డగీత గీసి, "ఇవాళ మైనస్ సంఖ్యలు చెప్పుకుందాం" అంది.

ఆ గీత చూడగానే తవిటమ్మ పుస్తకాలు సర్దుకుంది. "కడుపునొప్పి టీచర్" అని, జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హైమవతి టీచరుకి పాఠం మీద మనసు నిలవలేదు. సాయంత్రం బడి వదలగానే చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో నడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళింది.

దాలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ఆమె వేళ్ళు నల్లబడిపోయాయి. టీచర్ని చూసి గబగబా లేచి పీట వేసింది.

"మా గుంటకి లెక్కలు రావంట టీచరమ్మా. తిండి కూడా మానేసింది. ఎందుకలా నలిగిపోడం? సోమవారం నుంచి నాతో జీడిపిక్కల పనికి తీసుకుపోతాను. నా కళ్ళ ముందరే ఉంటాది" అంది. కోపంగా కాదు కన్నా, బెంగగా అంది.

తవిటమ్మ గుమ్మం పక్కన తలుపు పట్టుకుని నిలబడింది. టీచరు పీట మీద కూర్చోకుండా వెళ్ళి దాని పక్కన గుమ్మం మీద కూర్చుంది. ఏమీ అడగలేదు.

అప్పుడు తవిటమ్మే చెప్పింది.

"కిందటేడు మాస్టారు సున్నాలోంచి రెండు తీయమన్నారు టీచర్. ఏమీ లేనప్పుడు ఎక్కణ్ణించి తీయాలండీ అనడిగాను. ఇంత తెలీదా అని ఆయన నవ్వారు. ఢిల్లేశు నవ్వాడు. అందరూ నవ్వారు."

ఆ మాస్టారు చెడ్డవాడేం కాదు. ఓపిక లేనివాడు, అంతే. కానీ ఆ నవ్వు ఈ పిల్ల గుండెలో ముల్లులా ఉండిపోయింది.

టీచరు దాని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "అది చాలా మంచి ప్రశ్న తవిటీ. ఎంతోమంది పెద్దవాళ్ళు కూడా అక్కడే ఆగిపోతారు. దాన్ని నాకిస్తావా? రేపటి పాఠం దాంతోనే మొదలెట్టాలని ఉంది."

"మళ్ళీ నవ్వుతారు."

"నీదని చెప్పను. నువ్వొచ్చి ఊరికే చూడు. నచ్చకపోతే నేనే నిన్ను మీ అమ్మ దగ్గరికి తీసుకొస్తాను."

దాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒక్కపాలి వెళ్ళు తల్లీ" అంది.

మర్నాడు తవిటమ్మ వెళ్ళేసరికి తరగతి గదిలో ఎవరూ లేరు. అందరూ బయట పొడుగు గోడ దగ్గరున్నారు. గోడకి సున్నం వేసి ఉంది. టీచరు గోడ మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరికి నీలం గీత గీసింది. "ఇది మన సముద్రం పైభాగం. దీన్ని సున్నా అందాం" అంది. దాని పైన ఒకటి, రెండు, మూడు అని గీతలు. కిందా అలాగే గీతలు.

"ఇంక బొమ్మలు మీవే" అంది.

అబ్బో, పిల్లలు ఎంత సంబరపడ్డారో. పైన లకుముకి పిట్టలు వేశారు, తెరచాప వేశారు. కింద చందువా చేప, పీత, తాబేలు. ఎవరి చేతులు చూసినా రంగే. తవిటమ్మ కూడా ఒక మూల నిలబడి చిన్న రొయ్య వేసింది.

ఆ తర్వాత టీచరు గోడ పక్కన ఒక మాట రాసింది. సున్నాలోంచి రెండు తీయాలంటే, ఏమీ లేనప్పుడు ఎక్కణ్ణించి తీయాలి, అని. పేరు రాయలేదు.

పిల్లలు బుర్రలు గోక్కున్నారు. ఎవరూ నవ్వలేదు.

"కుదరదు టీచర్. లేనిదాంట్లోంచి ఎవరూ తీయలేరు" అన్నాడు ఢిల్లేశు.

"సరే, అది అలా ఉండనీ. ఇదిగో ఈ లకుముకి పిట్ట చూడు, మూడో గీత మీద ఎగురుతోంది. అయిదు గీతలు కిందికి దిగింది. ఇప్పుడెక్కడుంది?"

ఢిల్లేశు వేలు పెట్టి లెక్కపెట్టాడు. రెండు, ఒకటి, సున్నా. అక్కడ వేలు ఆగిపోయింది. "నీళ్ళొచ్చేశాయి టీచర్. ఇంక దిగలేదు. ఆగిపోయింది."

"ఆగదు" అని ఒక చిన్న గొంతు వినపడింది.

అందరూ వెనక్కి తిరిగారు. తవిటమ్మ. గోడ దగ్గరికి వచ్చింది.

"చేప కోసం మునుగుతాది. ఇక్కడికొస్తాది" అని వేలు పెట్టి చూపించింది. నీళ్ళ కింద రెండో గీత.

"అక్కడేమీ లేదు కదా" అన్నాడు ఢిల్లేశు.

"ఎందుకు లేదు? సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదిక్కడ. సున్నా అంటే నీళ్ళ పైభాగం. దాని కింద కూడా సముద్రం ఉంది." అలా అంటూనే తవిటమ్మ ఆగింది. తన మాట తనకే అప్పుడు అర్థమైంది. వేలు మళ్ళీ నీలం గీత మీద పెట్టింది. మెల్లగా కిందికి జరిపింది. ఒకటి. రెండు. "సున్నాలోంచి రెండు తీస్తే మైనస్ రెండు. ఇదిగో, ఇక్కడుంది" అంది.

టీచరు కళ్ళు నవ్వుతో మూసుకుపోయాయి. తడి కూడా ఉందేమో, చీర కొంగుతో ఒత్తుకుంది.

ఢిల్లేశు దాని దగ్గరికి వచ్చాడు. "కిందటేడు నువ్వడిగింది ఇదే కదూ" అన్నాడు.

"ఊఁ."

"నేను నవ్వాను. నిజానికి నాకూ తెలీదప్పుడు." వాడు తన చేతిలో ఉన్న నీలం కుంచె దానికిచ్చాడు. "నీళ్ళు ఇంకా వెయ్యాలి. నువ్వు వెయ్యి."

తవిటమ్మ కుంచె తీసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి గోడ అడుగు దాకా సముద్రం వేశారు.

ఆ సాయంత్రం దాలమ్మ పని నుంచి వస్తూ కూతురి కోసం ఒడ్డున నిలబడింది. దూరం నుంచే దాని నడక చూసి ఆమె గుండె కుదుటపడింది.

"ఏటి నేర్పారమ్మా ఈయేల?" అనడిగింది.

తవిటమ్మ ఒక పుల్ల ఏరుకుంది. తడి ఇసకలో పెద్ద గీత గీసి, అమ్మని దాని మీద నిలబెట్టింది. ఇటు ఒకటి, రెండు, మూడు. అటు మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు. గబగబా అంతా చెప్పేసింది. ఇంతలో కెరటమొచ్చి గీతలన్నీ తుడిచేసింది.

దాలమ్మ తన పాదాల వంక చూసుకుంది. "నాకింకా తెలీలేదే తల్లీ. మళ్ళీ గీయ్" అంది.

తవిటమ్మ మళ్ళీ గీసింది. ఈసారి మెల్లగా, అమ్మ చెయ్యి పట్టుకుని, ఒక్కో గీత మీదకీ నడిపిస్తూ చెప్పింది.

నిద్రొస్తోందా కన్నా? అయితే కళ్ళు మూసుకో.

కథేమో కంచి దారి పట్టింది,
కెరటమేమో కడలి దారి పట్టింది,
నిద్దరొచ్చి నీ రెప్పల దారి పట్టింది,
మనమూ మనింటి దారి పడదాం, పడుకో.