దీనమ్మ వేసిన పక్క

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా దోగాడుతున్న కాలంలో, ఏటి పాయల మధ్య పాయలంక అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో దీనమ్మ అని ఒకామె ఉండేది. పేరుకు తగ్గట్టే బతుకు. ఇంటికి తలుపు లేదు, తడికే. మొగుడు ఏనాడో పోయాడు. ఆమెకు ఉన్నదల్లా ఏడేళ్ళ కూతురు సలోమి, ఒక కొడవలి, చాపలల్లే రెండు చేతులు.

తుంగ కోసేది, ఎండబెట్టేది, అల్లేది. మళ్ళీ కోసేది, ఎండబెట్టేది, అల్లేది. అల్లిన చాప అల్లినట్టే సంతకు పోయేది. ఊరందరికీ చాపలిచ్చే ఆ ఇంట్లో మాత్రం చాప నిలిచేది కాదు. తల్లీకూతుళ్ళు గోనెపట్టా మీద పడుకునేవారు.

"మనకెప్పుడమ్మా చాప?" అని సలోమి అడిగేది.

"వచ్చే సంతకమ్మా" అనేది దీనమ్మ. వచ్చే సంత వచ్చేది, పోయేది. ఇంట్లో బియ్యం కుండ ఖాళీగా కనపడేది, చాప మళ్ళీ నెత్తికెక్కేది.

ఒక ఏడాది వానలకు ఊళ్ళో జ్వరాలు దిగాయి. సలోమికీ వచ్చింది. మొదటి రోజు కబుర్లు చెప్పింది. రెండో రోజు మూలిగింది. మూడో రోజు తల్లి ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు మూసింది. మళ్ళీ తెరవలేదు.

పాత చీర చుట్టి, ఏటి ఒడ్డున సమాధుల తోటలో పిల్లను పెట్టారు. ఆ రోజుల్లో పాయలంకలో చర్చి ఇంకా కట్టలేదు. అవతలి ఒడ్డు నుంచి ఉపదేశి తీతుగారు పడవ మీద వచ్చేవారు. పెళ్ళికీ ఆయనే, చావుకీ ఆయనే. ఆయన గుప్పెడు మట్టి వేసి, ఎప్పుడూ అనే మాటే అన్నారు.

"ఏడవకు దీనమ్మా. సలోమి చనిపోలేదు. ప్రభువునందు నిద్రించింది."

అందరూ ఆమెన్ అన్నారు. ఎన్నోసార్లు విన్న మాట కదా, ఈ చెవిన పడి ఆ చెవిన పోయింది. దీనమ్మకు మాత్రం గుండెలో గుచ్చుకుంది. నిద్రించిందా? నిద్రపోయిన పిల్ల కటిక నేల మీద పడి ఉందా? చాపలల్లే తల్లి బతికుండగానే?

ఇంటికొచ్చి మెతుకు ముట్టలేదు. ఎండిన తుంగ ముందేసుకుని కూర్చుంది.

మొదటి రోజు తెల్లవారగానే కొత్త చాప తీసుకెళ్ళి సమాధి మీద పరిచింది. పక్కన కూర్చుని, "లేమ్మా, తెల్లారింది" అంది. సలోమి లేవలేదు.

రెండో రోజు తన దుప్పటి తీసుకెళ్ళి కప్పింది. "లేమ్మా, తెల్లారింది" అంది. సలోమి లేవలేదు.

మూడో రోజు గంజి కాచి ముంతలో పోసి తీసుకెళ్ళింది. మూడు రోజులుగా ఏమీ తినని పిల్ల, లేవగానే ఆకలి అంటుంది కదా. "లేమ్మా, తెల్లారింది" అంది. పొద్దెక్కింది. గంజి చల్లారింది. సలోమి లేవలేదు.

పొరుగింటి లేయమ్మ వెతుక్కుంటూ వచ్చింది. లేయమ్మ నోరు గయ్యాళి నోరు, మనసు మాత్రం వెన్న.

"పిచ్చెక్కిందా ఏంటే నీకు? మట్టిలో పెట్టినోళ్ళు లేచొత్తారంటే? మూడు రోజుల్నించి కడుపులో ఏం లేదు. ఇలాగైతే రేపు నిన్నూ ఇక్కడే పెట్టాలి. లే, ఇంటికి పద."

"నిద్రపోయిందని అయ్యగారన్నారు కదొదినా. నిద్రపోయినోళ్ళు లేవరా మరి?"

దీనికి జవాబు చెప్పాల్సింది ఆ మాట అన్నాయనే అనుకుంది లేయమ్మ. ఆమె గబగబా రేవుకు వెళ్ళింది. పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు పోయి, తీతుగారిని ఉన్నపళంగా వెంటబెట్టుకుని వచ్చింది.

తీతుగారు వస్తూనే ఏదో ఓదార్పు చెప్పబోయారు. సమాధి మీద చాప చూశారు, దుప్పటి చూశారు, ముంత చూశారు. గొడుగు పక్కన పెట్టి ఆయన కూడా మట్టిలోనే చతికిలబడ్డారు.

"అయ్యగారూ, మీరన్న మాట నిజమేనాండి?" అని దీనమ్మ అడిగింది.



"ఆ మాట ఎన్ని సమాధుల దగ్గర అన్నానో నాకే లెక్క లేదమ్మా. నా భార్యను పెట్టిన రోజునా అన్నాను. నిజమేనా అని అడిగినవాళ్ళు లేరు. నన్ను నేను కూడా అడగలేదు." ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. "నిజమేనమ్మా. కాకపోతే నేను నోటితో అని ఊరుకున్నాను. నువ్వు నమ్మి చాప తెచ్చావు."

"నిజమైతే నా పిల్ల వట్టి నేల మీద పడుకుంది కదండి. ఎప్పుడమ్మా చాప అని అడుగుతూనే పోయింది. అమ్ముకున్నానండి, అన్నీ అమ్ముకున్నాను." అప్పుడు ఏడ్చింది దీనమ్మ. పిల్ల పోయాక అలా ఏడవడం అదే మొదటిసారి. లేయమ్మ వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

ఏడుపు కాస్త తెరిపివ్వగానే తీతుగారు అడిగారు. "సలోమి ఎక్కడ కళ్ళు మూసింది దీనమ్మా?"

"నా ఒళ్ళోనండి."

"నీ ఒళ్ళో నిద్రపోయింది. ప్రభువు ఒళ్ళోకి పోయింది. మధ్యలో నేల ఎక్కడుందమ్మా?"

దీనమ్మ ఆ మాటను మనసులోనే ఒకటికి రెండుసార్లు అనుకుంది. తర్వాత ఇంకో సంగతి అడిగింది.

"మరి నేను పిలుస్తుంటే లేవదేంటండి?"

"జోకొట్టి పడుకోబెట్టడం తల్లి పని. అది నువ్వు చేశావు. ఈ నిద్రలోంచి లేపడం ఆయన పని, ఆయన వచ్చే రోజున చేస్తారు. పూర్వం ఒక ఇంట్లో పన్నెండేళ్ళ పిల్ల పోతే, ఆయనే వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపారు. లేపి ఏమన్నారో తెలుసా? ముందు పిల్లకు తినడానికేమన్నా పెట్టండి అన్నారు."

దీనమ్మ ముంత వైపు చూసింది.

"లేచిన పిల్లకు ఆకలేస్తదని ఆయనకి తెలుసాండి?"

"తెలుసమ్మా."

"అయితే నాకు బెంగ లేదండి. పిల్లల ఆకలి కనిపెట్టేవాడు నా పిల్లని మర్చిపోడు."

ముంతలో గంజి మూడు వంతులు చేసి, తీతుగారికి ఒక వంతు, లేయమ్మకు ఒక వంతు ఇచ్చి, తను ఒక వంతు తాగింది. చల్లారిన గంజే అయినా ముగ్గురూ చుక్క మిగల్చకుండా తాగారు.

దుఃఖం పోయిందా అంటే పోలేదు. ఎలా పోతుంది? కన్నపేగు కదా. ఏడుపొచ్చిన రోజున ఏడ్చింది. కానీ ఆ మర్నాటి నుంచి మళ్ళీ తుంగ కోసింది, ఎండబెట్టింది, అల్లింది.

అప్పటినుంచి ఊళ్ళో ఎవరింట చావు వచ్చినా, చంకలో చాపతో దీనమ్మ గుమ్మంలో ఉండేది. పెద్దింటివాళ్ళా పేదింటివాళ్ళా, ప్రార్థనకు వచ్చేవాళ్ళా రానివాళ్ళా అని చూసేది కాదు. చాప కింద పరిచేది, మనిషిని పడుకోబెట్టించేది, "పక్క వేశాం. లేపేది ఆయన" అనేది. అంతే, ఇంకేం చెప్పేది కాదు. ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చునేది. లేయమ్మ మొగుడు పోయిన రోజున అలా పొద్దుగూకేదాకా కూర్చుంది.

ఆ చాపలకు తలవైపు అంచు ముడి వేసేది కాదు. పోచల కొసలు అలాగే వదిలేసేది.

"ముడెయ్యడం మర్చిపోయావా?" అని లేయమ్మ అడిగితే, "ముడేస్తే పనైపోయినట్టు కదొదినా. వీళ్ళ పని అయిపోలేదుగా" అంది.

అలా ఏళ్ళు గడిచాయి. జుట్టు నెరిసింది, చూపు మందగించింది, నడుము వంగింది. ఒక రోజు పొద్దున అల్లుతూ అల్లుతూ దీనమ్మ గోడకు చేరగిలబడింది. లేయమ్మ వచ్చి పిలిస్తే పలకలేదు.

ఊరంతా వచ్చింది. వచ్చాక తెలిసింది, ఆమె కింద పరచడానికి చాప లేదని. చేతిలో ఉన్నది నాలుగు వేళ్ళ మేర మాత్రమే అల్లి ఉంది. మిగతాది అల్లడం ఊళ్ళో ఎవరికీ రాదు. సంతకు పోయి కొనుక్కొద్దామన్నారు మగవాళ్ళు.

"ఆవిడికి కొన్న చాపేస్తారా? సిగ్గు లేదూ?" అని లేయమ్మ కసిరింది. ముసలిది చతికిలబడి, తుంగ పోచలు చేతిలోకి తీసుకుంది. ఏడుస్తూ, రాని పని చేస్తూ, ఒక జానెడు అల్లింది. అది చూసి ఇంకొకామె కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. ఇంటికొక జానెడు చొప్పున మధ్యాహ్నానికి చాప అయింది. ఒకచోట బిగువు, ఒకచోట వదులు, ఒక అంచు వెడల్పు, ఒక అంచు ఇరుకు. దీనమ్మ చూస్తే నవ్వుకునేదే. ఆ చాప మీదే ఆమెను పడుకోబెట్టారు. "పక్క వేశాం. లేపేది ఆయన" అని ఊరంతా ఒక్క నోట అంది.

ఇప్పటికీ పాయలంకలో ఎవరన్నా పోతే ముందు పాయలోకి పోయి తుంగ కోసుకొస్తారు. ఇంటికొకరు వచ్చి జానెడు అల్లుతారు. పాతిపెట్టారు అని ఆ ఊళ్ళో ఎవరూ అనరు, పక్క వేశారు అంటారు. కొత్తగా కాపరానికొచ్చిన కోడలెవరన్నా "చాప వంకరగా ఉందేంటత్తా" అంటే, "పడుకున్నోళ్ళకి లేని బాధ నీకెందుకే, నీ జానెడు నువ్వల్లు" అంటారు.

మొదటి జానెడు మాత్రం, పోయిన మనిషి కోసం ఎవరి గుండె ఎక్కువ పగిలిందో వాళ్ళ చేతే అల్లిస్తారు. ఏడవొద్దని ఎవరూ అనరు. ఏడుస్తూ అల్లితే పోచలు బిగవవు, అల్లిక వదులుగా వస్తుంది. ఆ చోటే తలవైపుకు పెడతారు. అక్కడైతే మెత్తగా ఉంటుందట.