నలుగురి తలల్లో నాలుగంకెలు

బుర్రావాళ్ళకు తమ తెలివి మీద ఉన్నంత నమ్మకం ఈ భూమ్మీద ఇంకెవరికీ దేని మీదా ఉండదు. ఇంటిపేరే బుర్ర అయినాక ఇంకెవరి సాక్ష్యం కావాలంటాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు ఓబులేసు. రాయచోటి పక్క పల్లె నుంచి నలుగురూ ఒకే విమానంలో కువైట్‌కు వచ్చి రెండేళ్ళయింది. నలుగురిదీ ఒకటే గది. ఓబులేసు నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. తమ్ముడు గంగులప్ప రొట్టెల బట్టీలో పిండి పిసుకుతాడు. చిన్నాయన పాపయ్య ఒక బంగళాకు కాపలా. "ఎవరొచ్చినా లోపలికి పంపొద్దు" అని చెప్పినందుకు ఆ చెప్పిన యజమానినే రెండుసార్లు ఎండలో నిలబెట్టిన ఘనుడు. ఇక ఓబులేసు భార్య రెడ్డెమ్మ. ఒక ఇంట్లో వంటా బట్టలూ చూస్తుంది. నలుగురిలోకీ తనే తెలివైనదని ఆమె నమ్మకం. తక్కిన ముగ్గురిదీ అదే నమ్మకం, ఎవరి మట్టుకు వాళ్ళకు.

రెడ్డెమ్మకు కోరికంటూ ఉంటే ఒక్కటే, కుట్టుమిషను. పెళ్ళికి ముందు ఒక టైలరమ్మ దగ్గర ఏడాది కూర్చుని పని నేర్చుకుంది గానీ సొంత మిషను ఏనాడూ లేదు. ఇక్కడ చుట్టుపక్కల ఆడవాళ్ళ జాకెట్లకు చేత్తోనే హుక్కులు కుట్టి ఇస్తుంది. వేళ్ళ కొసలన్నీ సూది పోట్లే. కింది అంతస్తులో నాగూర్‌బీ అని రాయచోటి ఆమే ఉంది, ఇరవై ఏళ్ళుగా అక్కడ టైలరు. కొత్తిమీర అడిగే వంకతో ఆమె గదికి వెళ్ళి, ఎవరూ చూడనప్పుడు మిషను చక్రం చేత్తో ఒక్క చుట్టు తిప్పి వచ్చేది రెడ్డెమ్మ. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. ఇంట్లో అన్ని కూరల్లోనూ ఇంత కొత్తిమీర ఎందుకుంటోందో ఓబులేసుకు ఇప్పటికీ తెలియదు.

ఆ నాగూర్‌బీ శుక్రవారం ఊరికి వెళ్ళిపోతోంది, మళ్ళీ రాదు. సోమవారం పొద్దున రెడ్డెమ్మను పిలిచి చెప్పింది.

"మిషను నువ్వు తీసుకుంటే నాకు సంతోషం రెడ్డెమ్మా. గురువారం సాయంత్రం లోపల డబ్బు తెచ్చిస్తే నీది. లేదంటే ఎదురు బిల్డింగులో శ్రీలంకామె కాచుకోనుంది."

జీతాలకు ఇంకా పది రోజులుంది. అయినా రెడ్డెమ్మ దిగులు పడలేదు, ఎందుకంటే ఆమె డబ్బు ఆమెకుంది. ఎక్కడుందీ అంటే ఊళ్ళో బ్యాంకులో. కువైట్‌కు వచ్చే ముందు తన రెండు బర్రెలనూ అమ్మి, ఆ డబ్బు తన పేరునే వేసుకుని, కార్డు తీసుకుంది. ఏ దేశంలోనైనా పనిచేసే కార్డు అది.

కార్డు ఇచ్చిన రోజున బ్యాంకు గుమాస్తా ఒక మాట గట్టిగా చెప్పాడు. "ఈ కాగితంలో నాలుగంకెలున్నాయి. ఏ ఒక్కరికీ తెలియనివ్వొద్దు. తలలో పెట్టుకుని కాగితం చించేయండి."

బుర్రావాళ్ళు బయట మెట్ల మీద కూర్చుని ఆలోచించారు. ఏ ఒక్కరికీ తెలియకూడదంటే రెడ్డెమ్మకూ తెలియకూడదు, ఆమె కూడా ఒక్కతే కదా. ఇంకేముంది, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒక అంకె పంచుకున్నారు. ఎవరి ముక్క వాళ్ళు చూసుకుని నమిలి మింగేశారు. పాపయ్యకు రెండు రోజులు కడుపు బరువుగా ఉంది. తనకొచ్చింది పెద్ద అంకె కాబోలని ఆయన మురిసిపోయాడు.

సోమవారం సాయంత్రం నలుగురూ తలలు దువ్వుకుని ఏటీఎంకు బయల్దేరారు. అద్దాల గది. తలుపు మీద ఒకసారికి ఒక్కరే లోపలికి వెళ్ళాలని రాసుందని అక్కడి కాపలావాడు చెప్పాడు. సరే, వయసు ప్రకారం పాపయ్య ముందు వెళ్ళాడు. కార్డు పెట్టాడు. మిషను నెత్తిన చిన్న గాజు కన్నొకటి కనపడితే దానికొక నమస్కారం పెట్టాడు. తన అంకె నొక్కి, బయటికొచ్చి, తలుపు వేశాడు. ఓబులేసు వెళ్ళాడు, వచ్చాడు. రెడ్డెమ్మ వెళ్ళింది, వచ్చింది. గంగులప్ప చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేసరికి మిషనుకు విసుగు పుట్టి కార్డు బయటికి తోసేసింది.

"పరిగెత్తాల," అన్నాడు ఓబులేసు.

పరిగెత్తారు. ఈసారి నాలుగంకెలూ పడ్డాయి గానీ నంబరు తప్పని చెప్పింది. అప్పుడు తట్టింది వాళ్ళకు, ఎవరి అంకె వాళ్ళకు తెలుసు గానీ ఏది ముందో ఏది వెనకో ఎవరికీ తెలియదు. వరస రాసున్న కాగితం రెండేళ్ళ కిందటే అరిగిపోయింది.

"ఎత్తు ప్రకారం పోదాం," అన్నాడు గంగులప్ప, తనే పొడుగు కనుక. అదీ తప్పు.

"డబ్బు నాది. నేను ముందుండాల," అంది రెడ్డెమ్మ. అదీ తప్పే. అంతే, కార్డు ఆగిపోయింది.

కాపలావాడు వాళ్ళ వైపు చాలాసేపు చూసి, కుర్చీ కొంచెం దూరంగా జరుపుకున్నాడు.

మంగళవారం రెడ్డెమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి నాగూర్‌బీకి చెప్పుకుంది. నాగూర్‌బీ తల పట్టుకుని, తర్వాత ఫోను పట్టుకుని, బ్యాంకుకు కలిపి ఇచ్చింది. అవతల ఒక అమ్మాయి నిదానంగా మాట్లాడింది. "కంగారు పడకండమ్మా. మీరు మా దగ్గర రాయించిన ఫోన్ నంబరుకు ఒక మెసేజ్ పంపిస్తాను. అది చూసి చెప్పండి చాలు."

"ఆ ఫోను పెట్టెలో ఉంది తల్లీ."

"తీసి చూడండమ్మా."

"అది ఆపి పెట్టినాం."

"ఎప్పటి నుంచి?"

"విమానం ఎక్కినప్పటి నుంచి. ఫోన్లు ఆపేయండని ఆ విమానంలో పిల్ల వచ్చి చెప్పింది."

"దిగాక మళ్ళీ ఆన్ చేసుకోవాలి కదమ్మా."

రెడ్డెమ్మ మొగుడి వైపు చూసింది. ఓబులేసు ఫోను తీసుకుని మర్యాదగా చెప్పాడు. "అట్లని ఆ పిల్ల మాకు చెప్పలేదమ్మా. మేం ఇప్పుడు వాడుతుండేది వేరే ఫోను, ఇక్కడ కొన్నది. దీన్ని ఆపమని ఎవరూ అనలేదు."

నాగూర్‌బీ పైకెళ్ళి పెట్టె తీసి, ఆ పాత ఫోనును తన చేత్తోనే ఆన్ చేసింది. రెండేళ్ళు డబ్బు కట్టక ఆ నంబరు ఎప్పుడో పోయింది. బ్యాంకు అమ్మాయి అది కూడా ఓపిగ్గా విని, చివరి దారి చెప్పింది. పాత ఫోన్ నంబరు తీసేసి ఇక్కడి ఫోన్ నంబరు వేయమని ఒక అర్జీ రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాలి. "సంతకం మాత్రం జాగ్రత్తమ్మా. అకౌంటు తెరిచిన రోజు ఎలా పెట్టారో అచ్చం అలాగే పెట్టాలి. కొంచెం తేడా ఉన్నా ఒప్పుకోరు."

"అచ్చం అట్లనే పెడతాం," అంది రెడ్డెమ్మ. రెండు రోజులే ఉంది. శ్రీలంకామె మెట్ల మీద ఎదురుపడి మిషను కొలత అడిగి వెళ్ళింది, తలుపులో పడుతుందో లేదో చూసుకోవడానికట.

బుధవారం నలుగురూ పనికి సెలవు పెట్టారు. అకౌంటు తెరిచిన రోజు ఎలా ఉండిందో గుర్తు చేసుకోవాలి కదా.

"ఆ పొద్దు వదిన బొటనవేలికి గుడ్డ కట్టుంది," అన్నాడు గంగులప్ప. "కొడవలి తెగింది."

గుడ్డ కట్టారు.

"బల్ల ఊగుతాండె," అన్నాడు ఓబులేసు. గదిలో ఉన్న ఒక్క బల్లా గట్టిది. రంపం తెచ్చి ఒక కాలు రెండంగుళాలు కోసేశాడు. బల్ల ఊగింది.

"ఇంకా ఏందో ఉండె," అంది రెడ్డెమ్మ కళ్ళు మూసుకుని. "నేను రెడ్డె వరకూ బాగనే రాసినా. మ్మ కాడికి వచ్చేతలికి మోచేతికి ఏందో తగిలి తోక ఈ మూల నుంచి ఆ మూలకు పాయె."

"కోడి," అన్నాడు గంగులప్ప. "సంతలో అమ్మేదానికి తెచ్చింటి. నా సంకలో ఉండె. అది పొడిచింది."

కువైట్‌లో కోడి కోసం గంగులప్ప మూడు వీధులు తిరిగి, చివరికి కొట్లో నుంచి ఒకటి తెచ్చాడు. మంచులో పెట్టిన కోడి, రాయిలాగా ఉంది. సంకలో పెట్టుకున్నాడు. అంతే, వణుకు మొదలయింది. రెడ్డెమ్మ కలం పట్టుకుని కాచుకుంది. కోడి పొడవలేదు.

"దానికి తల లేదబ్బా," అన్నాడు ఓబులేసు చాలాసేపటికి.

"తల లేకుండా పనెట్లా చేస్తాది," అన్నాడు పాపయ్య. ఆయనకు ఉన్న తల అప్పుడు పనికొచ్చింది. "నేను పొడుస్తా."

"నోటితో పొడుస్తావా మామా?" అంది రెడ్డెమ్మ.

"ముక్కుతో. కోడి ముక్కుతోనే గదా పొడిచేది."

పాపయ్య గంగులప్ప సంకలో తలపెట్టి వంగి నిలబడ్డాడు. ఊగే బల్ల మీద, గుడ్డ కట్టిన వేలితో, రెడ్డెమ్మ ఒక్కో అక్షరం దిద్దింది. రె. డ్డె. మ్మ దగ్గరికి రాగానే పాపయ్య కొక్కొక్కో అని ముక్కుతో మోచేతిలో పొడిచాడు. తోక కాగితం దాటి బల్ల మీదికి కూడా వెళ్ళింది.

నాగూర్‌బీ ఫోటో తీసి పంపించింది. "ఆ బల్ల కాలు ఏమయింది," అని మాత్రం అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం బ్యాంకు అమ్మాయి ఫోను చేసింది. "మీ సంతకం సరిపోయిందమ్మా. ఇంత బాగా కలిసిన సంతకం మా సారు ఈ మధ్య చూడలేదట. కొత్త నాలుగంకెల నంబరు మీ ఫోనుకే వస్తుంది. ఎవరికీ చెప్పొద్దు, ఎక్కడా రాయొద్దు."

మెసేజ్ రానే వచ్చింది. ఫోనును చించడం కుదరలేదు. మింగడం గురించి గంగులప్ప అడిగాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఒకరు చూస్తుంటే తక్కిన అంకెల మీద వేళ్ళు పెట్టి కప్పి, మళ్ళీ తలా ఒకటి పంచుకుని, మెసేజ్ చెరిపేశారు. పాపయ్య తన అంకె చూసుకుని ముఖం ముడుచుకున్నాడు.

"ఇంట్లో పెద్దోడినని కూడా సూడల్యా. ఏమీ లేనిది నాకిచ్చినారు," అన్నాడు.

"అంకె బయటికి సెప్పొద్దు చిన్నాయనా," అన్నాడు ఓబులేసు.

"నేనేడ సెప్పినా. గుండ్రంగా ఉండాదని కూడా సెప్పల్యా."

అయిదు గంటలవుతోంది. శ్రీలంకామె ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని నాగూర్‌బీ గుమ్మంలో నిలబడింది. నాగూర్‌బీ ఆమెకు టీ ఇచ్చి కూర్చోబెట్టి, బుర్రావాళ్ళను తనే ఏటీఎం దగ్గరికి తోలుకెళ్ళింది. కాపలావాడికి దండం పెట్టి నలుగురినీ ఒకేసారి లోపలికి పంపమంది.

"మెసేజ్‌లో ఎవరిది ముందుండె?"

"నాది," అన్నాడు గంగులప్ప.

"దాని పక్కన?"

"నాది," అంది రెడ్డెమ్మ. మూడోది పాపయ్యది, నాలుగోది ఓబులేసుది.

"అట్లనే వరసగా నిలబడి, మీ అంకె మీరు నొక్కి పక్కకు జరగండి. ఒకరిది ఒకరు చూడొద్దు. పోండి."

నాలుగు చప్పుళ్ళు. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో గరగరమని తిరిగింది, నోట్లు బయటికొచ్చాయి. రెడ్డెమ్మ వాటిని రెండు చేతులా పట్టుకుని, రెండు బర్రెల పేర్లూ మెల్లిగా ఒక్కసారి తలుచుకుంది.

ఆ సాయంత్రమే మిషను పైగదికి వచ్చింది. శ్రీలంకామె మంచి మనిషి, తనతో తెచ్చిన మనుషుల చేతనే మోయించింది. నాగూర్‌బీ ఒక నూనె సీసా, రెండు దారపు కండెలు కూడా ఇచ్చి, రెడ్డెమ్మ తల మీద చెయ్యి వేసి చెప్పింది. "ఆ వరస ఈసారైనా మరిచిపోవద్దండి. అట్లని యాడన్నా రాస్తారేమో, రాయొద్దు సుమా."

"రాయమక్కా," అంది రెడ్డెమ్మ. ఆమె మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే.

శుక్రవారం పొద్దున మిషను మీద మొదటి పని మొదలయింది. మధ్యాహ్నానికి పూర్తయింది.

నాగూర్‌బీ పెట్టెలు సర్దుకుని టాక్సీలో విమానాశ్రయానికి బయల్దేరింది. ఏటీఎం దగ్గర ఎర్ర లైటు పడి బండి ఆగింది. సెలవు రోజు, వీధి నిండా జనం. ఆ జనం మధ్యలో గంగులప్ప, రెడ్డెమ్మ, పాపయ్య, ఓబులేసు ఒకరి వెనక ఒకరు, మూరెడు ఎడం తప్పకుండా నడిచిపోతున్నారు. ముగ్గురి చొక్కాల వీపుల మీదా, రెడ్డెమ్మ కొంగు మీదా, ఎర్ర దారంతో జానెడేసి ఎత్తున కుట్టినవి కనపడ్డాయి. ఏడు. మూడు. సున్నా. ఎనిమిది.

నాగూర్‌బీ అద్దం దించింది. "రెడ్డెమ్మా. ఏందే అవి?"

"నంబరక్కా. వరస మరిచిపోకుండా." రెడ్డెమ్మ ముఖం వెలిగిపోతోంది. "రాయొద్దంటివి గదా, రాయలేదు. కుట్టినా."

"ఊరందరికీ కనపడతాండాయి గదే."

రెడ్డెమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. పాపం, ఇరవై ఏళ్ళు మిషను తొక్కింది గానీ ఇంత చిన్న సంగతి తెలియలేదు.

"ఎవురిది వాళ్ళకు కనపడదు గదక్కా. అందుకే వీపున కుట్టింది. నేను కూడా కండ్లు మూసుకునే కుట్టినా."

లైటు పచ్చదయింది. టాక్సీ కదిలింది. నాగూర్‌బీ వెనక అద్దంలో నుంచి చూస్తూనే ఉంది. కాపలావాడు కుర్చీ తీసుకుని ఇంకా దూరం జరిగాడు. నలుగురూ లోపలికి వెళ్ళి, కార్డు పెట్టి, ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. మిషను నెత్తినున్న ఆ గాజు కంటికి బాగా ఆనేలా నాలుగు వీపులూ వరసగా సర్దుకుని, అది చదువుకునేదాకా కదలకుండా నిలబడ్డారు.