తీతువు రాసిచ్చిన చోటు

చిన్న కథే. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది. కదలకుండా కూర్చోండి.

అనగనగా ఒక అడవిలో ఏడో వార్డు ఉండేది. మిగతా ఆరు వార్డుల సంగతి నన్నడగొద్దు. నేను ఎవరి గురించీ చెడ్డగా చెప్పను, వాటి గురించి మంచిగా చెప్పడానికేమో ఏమీ లేదు. ఏడో వార్డులో మాత్రం అందరూ మంచివాళ్ళే. కొంగ పొద్దస్తమానం ఒంటికాలి మీద నిలబడి, వార్డులో ఎవరూ పని చెయ్యడం లేదని బాధపడేది. కుందేలు ప్రతి మీటింగుకూ వస్తానని చెప్పేది. చెప్పడంలో దానికి లోటు లేదు. నెమలి నిజంగానే వచ్చేది, కానీ తన తోక గురించి తప్ప మాట్లాడేది కాదు.

వార్డు మెంబరు అడవిపంది. దానికి తవ్వడమంటే ప్రాణం. గెలిచిన రోజు నుంచి ఏదో ఒకటి తవ్వుతూనే ఉంది. ఎందుకు తవ్వుతున్నావని అడిగితే "అభివృద్ధి" అనేది. గుమస్తా ఉడుము. వార్డు రిజిస్టరు దాని దగ్గరే ఉండేది. ఉడుంపట్టు అంటారు చూడండి, రిజిస్టరులోకెక్కిన మాటను అది చచ్చినా వదిలేది కాదు.

ఇంతకీ ఎవరి కథ చెబుతానన్నాను? ఆఁ, తీతువు కథ.

తీతువు పొడుగు కాళ్ళ పిట్ట. చెట్టెక్కదు, గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కూడా రాళ్ళలాగే ఉంటాయి. ఎవరైనా అటు వస్తే అది దూరంగా పరుగెత్తి, గుడ్లు లేని చోట నిలబడి గొంతు చించుకుంటుంది. వచ్చినవాళ్ళు ఆ అరుపు వెంట పోతారు. గుడ్లు బతుకుతాయి.

"గుడ్లున్న చోటు గాలికి కూడా చెప్పకు," అని తీతువుకు వాళ్ళమ్మ నేర్పింది. వాళ్ళమ్మకు అమ్మమ్మ నేర్పింది.

ఆ ఏడు ఎండాకాలంలో తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. గులకమైదానంలో, ఎర్రబండ పక్కన. గుడ్లు పగలడానికి ఇంకా పదిహేను రోజులు ఉందనగా, వడ్రంగిపిట్ట ఎండిన మొద్దు మీద ముక్కుతో టకటకా కొట్టి చాటింపు వేసింది.

"వార్డు ప్రజలకు తెలియజేయడమేమంటే! గులకమైదానం మీదుగా వాగు దాకా కొత్త బాట తవ్వుతున్నాం. మైదానంలో ఎవరి ఇల్లైనా ఉంటే పౌర్ణమి మీటింగులోగా చోటు రాసివ్వాలి. ఆ చోటు వదిలేసి తవ్వుతాం. రాసివ్వకపోతే మా పూచీ లేదహో!"

పౌర్ణమికి నాలుగు రోజులే ఉంది.

"నువ్వు గుడ్ల మీద కూర్చో. నేను పోయి రాసిచ్చి వస్తాను," అంది తీతువు మొగుడితో.

"ఎవరికి రాసిస్తావు? ఆ గుమస్తా ఏం తింటుందో తెలుసా?" అంది మగ తీతువు.

"తెలుసు."

"తెలిసే పోతున్నావా?"

"పోకపోతే పంది తవ్వేస్తుంది కదా," అంది తీతువు.

మొదటి రోజు తీతువు వార్డు ఆఫీసుకు వెళ్ళింది. ఉడుము రిజిస్టరు తెరిచింది.

"ఇంట్లో ఎందరు?"

"నేనూ, మా ఆయనా, నాలుగు గుడ్లు."

"గుడ్లా?" అని ఉడుము నాలుక బయట పెట్టింది. ఉడుములకు అది అలవాటే. మనం తప్పు పట్టకూడదు. "చోటు చెప్పు."

"రేపు చెబుతాను," అని తీతువు పరుగెత్తింది.

రెండో రోజు వెళ్ళింది. అక్కడ ముంగిస కూర్చుని ఉంది. దానికి ఆఫీసులో పనేమీ లేదు. పని లేకపోయినా ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు ప్రతి వార్డులోనూ ఉంటారు.

"ఏం వదినా, చిక్కిపోయావు? గుడ్లు పెట్టావట. ఎక్కడ?" అంది ముంగిస.

"నీకెందుకులే బాబూ," అని తీతువు మళ్ళీ పరుగెత్తింది.

మూడో రోజు వెళ్ళింది. ముంగిస ఉంది. ముంగిస నెత్తి మీది కొమ్మన కాకి కూడా ఉంది.

"ఇదే ఆఖరు రోజు. చోటు చెబుతావా, రిజిస్టరు మూసెయ్యమంటావా?" అంది ఉడుము.

తీతువుకు వాళ్ళమ్మ మాట గుర్తొచ్చింది. "తుమ్మపొద కింద," అంది.

తుమ్మపొద ఎక్కడ, ఎర్రబండ ఎక్కడ! అది మైదానానికి ఆ కొస, ఇది ఈ కొస. ఉడుము 'తుమ్మపొద' అని రాసింది. తీతువు ఇంటికి వచ్చి, "రాసిచ్చాను," అని మాత్రమే చెప్పింది మొగుడికి. అయినా ఆ పూట దానికి ఒక్క పురుగు కూడా మింగుడు పడలేదు.

పౌర్ణమి నాడు సాయంత్రం మీటింగు జరిగింది. అడవిపంది గొంతు సవరించుకుంది.

"మన వార్డులో అర్జీ పెట్టడం ఇదే మొదటిసారి. చెత్త గురించి అందరూ తిడతారు, నీళ్ళ గురించి అందరూ ఏడుస్తారు. రాసివ్వండయ్యా అంటే ఒక్కరూ రారు. తీతువమ్మ వచ్చింది. అందుకని దాని మాట నెగ్గిస్తున్నాం. తుమ్మపొద వైపు ఎవరూ కాలు పెట్టరు. బాటను పూర్తిగా ఇటు జరిపేస్తున్నాం. రేపు పొద్దున్నే ఎర్రబండ పక్కన తవ్వకం!"

అందరూ ఈలలు వేశారు. వార్డు ఒక అర్జీని పట్టించుకుంటుందని ఎవరూ అనుకోలేదు. తీతువు అసలే అనుకోలేదు.

అది చుట్టూ చూసింది. ఎదురుగా ఉడుము. పక్కన ముంగిస. పైన కాకి. చెప్తే వీళ్ళు తింటారు. చెప్పకపోతే తెల్లారేసరికి పంది తవ్వుతుంది. అరిచి ఇంకోవైపు పరుగెత్తుదామా అనుకుంది. కానీ ఈసారి ఎటు పరుగెత్తినా, రిజిస్టరులో రాయించిన తప్పు చోటు మారదు.

"మెంబరు గారూ, నేను చోటు తప్పు రాయించాను," అంది తీతువు.

"ఎందుకమ్మా?"

"గుడ్లు తినేవాళ్ళు వింటారని."

కాకి రెక్కలు దువ్వుకుంది. ముంగిస ఆకాశంలోకి చూసింది. అక్కడ చంద్రుడు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు వాళ్ళు వినడం లేదా?" అంది పంది.

"వింటున్నారు. ఇప్పుడు అందరూ వింటున్నారు," అంది తీతువు. "ఎర్రబండకు పడమర, మూడడుగుల దూరం. నాలుగు గుడ్లు."

ఉడుము పాత మాట కొట్టేసి కొత్తది రాసింది. నియమం ప్రకారం మూడుసార్లు పైకి చదివింది. వడ్రంగిపిట్ట వార్డంతా చాటింది. చివరికి కొంగ కూడా రెండో కాలు దించి విన్నది.

మర్నాడు పొద్దున పంది బాటను మైదానం మధ్యకు మార్చి, ముట్టెతో గీత గీసింది. కానీ ఎర్రబండ దగ్గరికి ఉడుము వచ్చింది. తీతువు దూరంగా పరుగెత్తి అరిచింది. ఉడుము తల తిప్పలేదు.

"అరవకు. చోటు నాకు తెలుసు. రాసింది నేనే," అని గుడ్ల పక్కన చతికిలబడింది.

"ఏం చేస్తావు?" అంది తీతువు.

"ఏం చేస్తాను! నాలుగని వార్డంతా విన్నది. రేపు ఒకటి పోతే అందరూ నన్నే చూస్తారు. ఆ ముంగిస తిని నా పేరు చెబుతుంది."

కాసేపటికి ముంగిస వచ్చింది. "ఈ ఉడుము తిని నా పేరు చెబుతుంది," అని అటువైపు కూర్చుంది. తర్వాత కాకి వచ్చి బండ మీద వాలింది. దాని భయమూ అదే. మిట్టమధ్యాహ్నం తీతువు వాగులో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరిచేది. మూడూ గుటకలు మింగుతూ చూసేవి. ఒకదాన్నొకటి కూడా చూసుకునేవి.

పదకొండు రోజులు అలాగే గడిచాయి. తీతువు ఒక్క రోజు కూడా కంటి నిండా నిద్రపోలేదు. పన్నెండో రోజు నాలుగు గుడ్లూ పగిలి నాలుగు పిల్లలు బయటికి వచ్చాయి. ఉడుము సన్నబడింది. బాట ఇంకా తవ్వలేదు.

రిజిస్టరులో గుడ్లని ఉంది గాని పిల్లలని లేదు. తీతువు ఆ పొద్దున్నే ఆఫీసుకు పోయి రాయించి వచ్చింది.

నీతి: దాచుకున్నదాన్ని దాచినవాళ్ళే కాయాలి. నలుగురిలో నిజంగా చెప్పుకున్నదాన్ని నలుగురూ కాయక తప్పదు.