నక్క పంతులు తలల కొలత

కోత అయిన పొలంలో గొర్రెల మందను కట్టించుకుంటే ఎరువు దానంతటదే పడుతుంది. అందుకే కాపరి ఎర్రన్న ఆ వారం తన మందను అక్కడికి తోలుకొచ్చాడు. చుట్టూ ముళ్లకంప వేశాడు గానీ ఉత్తరం మూల కంప చాలక సందు మిగిలిపోయింది. రాత్రిళ్లు ఆ సందు దగ్గర ఎవరు పడుకోవాలి? తెల్లవీ నల్లవీ వంతులు వేసుకుని ఎలాగో నెట్టుకొస్తున్నాయి.

మధ్యాహ్నం ఎర్రన్న సద్ది తిని, కుక్కతో సహా తుమ్మచెట్టు కింద కునుకు తీస్తుంటే, మంద మేస్తున్న కాలవగట్టుకు ఒక నక్క వచ్చింది. ముక్కు మీద అద్దాల్లేని కళ్లజోడు, మెడలో ముడులు వేసిన తాటినార తాడు.

"భయపడకండమ్మా! మాంసం మానేసి శాస్త్రం పట్టాను. తల కొలిచి ఎవరి జాతి ఎంతటిదో చెప్పేస్తాను."

గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని ఊరికే అన్నారా! అన్నీ వరస కట్టాయి. నక్క తెల్లవాటి తలకు తాడు వదులుగా చుట్టి, "ఆహా, పదహారు ముడులు!" అంది. నల్లవాటికి బిగించి, "పదకొండే, పాపం" అని పెదవి విరిచింది.

"చిన్న తలకు తెలివి తక్కువ. నల్ల తోలుకు నొప్పి తెలీదు. కాబట్టి ఇవాళ్టి నుంచి సందు దగ్గర నల్లవి పడుకోవడమే న్యాయం."

పెద్ద తెల్లగొర్రె మల్లి మెడ నిక్కించింది. "నేను అనుకుంటూనే ఉన్నాను. మా పుట్టింటి వాళ్లంతా పదహారే!"

నల్లగొర్రె నేరేడు తన పిల్లను పొట్ట కిందికి నెట్టుకుంది. అది పుట్టి తొమ్మిది రోజులే. సందు దగ్గర పడుకోబెడితే తెల్లారేసరికి మిగులుతుందా?

"నొప్పి తెలీదా? మొన్న ఈనేటప్పుడు నేను పెట్టిన కేకలు పక్కనుండి విన్నావు కదా వదినా!"

"విన్నాననుకో. కానీ శాస్త్రం అలా చెబుతోంది కదమ్మా!"

నేరేడుకు ఒళ్లు మండింది. ఆవు నల్లనైతే పాలూ నల్లనా? కానీ ఏడిస్తే ఎవరు వింటారు? తన తలకు చుట్టినప్పుడు కళ్లు బయటికొచ్చేలా నక్క తాడు బిగించడం గుర్తొచ్చింది.

"పంతులుగారూ, బురద పూసుకుంటే తల పెరుగుతుందా, తరుగుతుందా?"

"పిచ్చిదానా, తల తలే!"

"అయితే అందరం కాలవ పక్కనున్న ఆ ఎర్రబురదలో దొర్లి వస్తాం. ఎవ్వరూ నోరు మెదపం. మళ్లీ కొలవండి. శాస్త్రమైతే ముడులు మారవు కదా?"

నక్కకు కక్కలేక మింగలేక అయింది. "ఒకసారి కొలిచాక మళ్లీ ఎందుకమ్మా?"

మల్లికే పౌరుషం పొడుచుకొచ్చింది. "కొలవండి పంతులుగారూ! నా పదహారు ఎక్కడికి పోతాయి?"

అన్నీ బురద ముద్దలై వచ్చాయి. ఏది ఏదో నక్కకు అంతు చిక్కలేదు. పొట్ట ఈడ్చుకుంటూ వచ్చినదాన్ని చూసి, ఇది నల్లదే అయ్యుంటుందని తాడు బిగించింది. "పదకొండు! వట్టి మొద్దు జాతి." తర్వాత నిదానంగా వచ్చినదానికి వదులు చేసింది. "పదహారు! చూశారా ఆ రాజసం?"

రెండూ కాలవలో మునిగి లేచాయి. మొద్దు జాతిది మల్లి. రాజసం గలది నేరేడు.

"నేనా మొద్దుని?" మల్లి పెట్టిన అరుపుకు తుమ్మచెట్టు కింద కుక్క లేచింది. నక్క తాడూ కళ్లజోడూ వదిలేసి, తోక ముడిచి చెరుకుతోటలో పడింది.

ఆ తాడే తీసి, బిగించకుండా, వదలకుండా గొర్రెలు ఒకదాని తల ఒకటి కొలిచి చూసుకున్నాయి. మల్లికి పద్నాలుగు. నేరేడుకూ పద్నాలుగే.

మల్లి నేరేడు దగ్గరికొచ్చింది. "ఈ పూట సందు దగ్గర వంతు నాది లేవే. నీ పిల్లను మంద మధ్యలో పడుకోబెట్టుకో."

"అమ్మయ్య!" అంది నేరేడు. పిల్లను పిలిచి పాలిచ్చింది.

రెండోసారి కొలవమంటే జంకే శాస్త్రాన్ని మొదటిసారే నమ్మకూడదు.